మందుతో పాటు మనిషి

కాన్సరు వ్యాధిని మన పెద్దలు రాచపుండు అన్నారు. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో దానిని సర్తాన్ అంటారు. అరబ్బీలో సర్తాన్ అంటే పీత. సంస్కృతంలోని కర్కటానికీ, లాటిన్ భాషలోని కాన్సర్ అనే మాటకూ అర్థం అదే. ఇన్ని భాషలవారు ఒకే పీతను చూచి ఒకే విధంగా భయపడ్డారన్నమాట. అయినా మన ఇళ్లలో ఈ పేర్లలో ఏదీ పైకి వినబడదు. "ఆ జబ్బు" అంటారు, "గడ్డ" అంటారు, "లోపల పుండు" అంటారు. ఉర్దూలో "వో బీమారీ" అని ఊరుకుంటారు. పేరు పలికితే వ్యాధి గడప దాటి లోపలికి వస్తుందేమోనన్నంత జంకు. ఈ జంకును గురించీ, దాని చాటున ఒంటరిగా మిగిలిపోయే మనిషిని గురించీ ఈ సంచికలో కొన్ని మాటలు వ్రాయదలచాము.

కవితలకూ, క్రీడావార్తలకూ నడుమ ఈ ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చును. 2022 సంవత్సరపు అంతర్జాతీయ అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడు మన దేశంలో సుమారు 14 లక్షల మందికి కొత్తగా కాన్సరు ఉన్నట్లు తేలింది. సుమారు 9 లక్షల మంది దానివలన మరణించారు. ఈ రెండు సంఖ్యలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి బోధపడుతుంది. మన దేశంలో ఈ వ్యాధి చాలమందిలో ముదిరిన తరువాతనే బయటపడుతున్నది. చికిత్స మొదలయ్యే నాటికే "పూర్తిగా నయమవుతుంది" అన్న మాట వైద్యుని నోట వినే అవకాశం వారికి ఉండదు. మన విద్యార్థుల తలిదండ్రుల వయస్సు సాధారణంగా నలభైకీ అరవైకీ మధ్య. ఈ వ్యాధి మన దేశంలో తరచుగా కనబడేదీ ఆ వయస్సులోనే. కనుక ఇది మన తరగతి గదులకు దూరపు విషయం కాదు. హాజరు పట్టీలో వరుసగా మూడు రోజులు ఖాళీలున్న కొన్ని పేర్ల వెనుక ఈ కథే ఉన్నదని అధ్యాపకులందరికీ తెలుసును.

ముదిరిన కాన్సరు అనగానే మంచం పట్టి మరణానికి ఎదురుచూచే మనిషి మన కంటికి కట్టుతాడు. ఆ చిత్రం పాతబడింది. నేడు వ్యాధి ఎముకలకో, కాలేయానికో ప్రాకిన తరువాత కూడ మాత్రలతో, సూదిమందులతో నెలలూ, కొందరు సంవత్సరాలూ జీవిస్తున్నారు. వంట చేస్తున్నారు, దుకాణం తెరుస్తున్నారు, కుమార్తె పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. 21 రోజులకొకసారి ఆసుపత్రిలో మందు ఎక్కించుకొని వచ్చి, మొదటి వారం వాంతులతో, నీరసంతో పడుకొని, రెండవ వారం లేచి తిరిగి, మూడవ వారం రాబోయే సూదికోసం భయపడే జీవితం వారిది. రెండు మూడు నెలలకొకసారి స్కానింగు. స్కానింగు తీసిన రోజుకూ, దాని ఫలితం చేతికందిన రోజుకూ మధ్య ఆ ఇంటిలో ఎవరికీ నిద్ర ఉండదు. ఈ మనుషులకు చావు సమీపంలో లేదు, దూరంలోనూ లేదు. చికిత్స జరుగుతున్న ఈ నడిమి కాలంలో వారికి మందు ఇచ్చేవారున్నారు. మందు తప్ప మిగిలినది చూచేవారు అరుదు. మా వ్యాసానికి విషయం ఈ "మిగిలినది".

దీనిని గురించి మొదట శాస్త్రీయంగా ఆలోచించినవారిలో ముఖ్యురాలు ఇంగ్లండుకు చెందిన సిసిలీ సాండర్స్. ఆమె మొదట నర్సు, తరువాత ఆసుపత్రిలో రోగుల కుటుంబ కష్టాలు చూచే ఉద్యోగిని, ఆ తరువాత చదివి 1957లో వైద్యురాలైనది. 1948లో లండను ఆసుపత్రిలో వార్సా నగరం నుండి వచ్చిన డేవిడ్ టాస్మా అనే యూదుడు కాన్సరుతో మరణించాడు. బంధువులు లేని మనిషి. హోటలులో వడ్డన పని చేసేవాడు. ఆమె అతనితో గంటల తరబడి మాట్లాడింది. అటువంటి రోగులకోసం ఒక ఇల్లు కట్టాలన్న ఆలోచన ఆ మాటల మధ్యనే పుట్టింది. అతడు తనకున్న 500 పౌండ్లు ఆమె పేర వ్రాసిపోయాడు. ఆ ఇల్లు, అంటే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీసు, లేచేసరికి 1967 వచ్చింది. రోగి బాధ శరీరానిది మాత్రమే కాదనీ, మనస్సుదీ, కుటుంబానిదీ, డబ్బుదీ, దైవచింతనదీ కూడ అందులో ముడిపడి ఉంటాయనీ, ఆ ముడిని మొత్తంగా చూడవలెననీ ఆమె బోధించింది. "సంపూర్ణ బాధ" అని దానికి పేరు పెట్టింది.

అయితే మనస్సును ఓదార్చుటకు ముందు ఒంటి నొప్పి తగ్గవలెను. ఈ క్రమం తారుమారైతే ఓదార్పు ఎగతాళి అవుతుంది. ఎముకలలో వ్యాధి చేరి రాత్రంతా మూలిగిన మనిషికి ధైర్యవచనాలు చెప్పి ప్రయోజనం లేదు. నోటితో మింగే మార్ఫీను మందు ఖరీదైనదేమీ కాదు. కాని 1985 నాటి మత్తుమందుల చట్టంలోని కఠిన నిబంధనల వలన అది చాలకాలం ఆసుపత్రులలో కరవైంది. 2014లో ఆ చట్టాన్ని సవరించి వైద్యావసరాలకు దారి సులభం చేశారు. మార్ఫీను పేరు వినగానే "అలవాటు పడిపోతాడు", "ఇక చివరికి వచ్చిందన్నమాట" అని బెదిరే బంధువులు నేటికీ ఉన్నారు. వైద్యుని పర్యవేక్షణలో, నొప్పికి తగిన మోతాదులో వాడే మార్ఫీను నొప్పిని అణచి మనిషిని మళ్లీ మాట్లాడేటట్లు చేస్తుంది. ఇంకొక చిన్న సంగతి. రొమ్ములోనో, దవడలోనో పుండు పగిలినవారికి దుర్వాసన నొప్పి కంటె పెద్ద శిక్ష. పిల్లలు దగ్గరకు రారు, తానే వారిని రానివ్వదు. మెట్రొనిడజోలు మాత్రల పొడిని పుండు మీద చల్లితే ఆ వాసన చాలవరకు తగ్గుతుందని ఉపశమన వైద్యం తెలిసిన నర్సులు చెబుతారు. కొద్ది రూపాయల మాత్ర ఒక తల్లిని తిరిగి పిల్లల మధ్య కూర్చోబెట్టగలదు. మానసిక సేవ ఎక్కడ మొదలవుతుందో దీనినిబట్టి గ్రహించవచ్చును.

కాన్సరు వచ్చిన మనిషి దిగులు పడక ఏమి చేస్తాడు, అది సహజమే కదా అని చాలమంది వాదిస్తారు. దిగులు సహజమే. కాని నిద్ర పోయి, తిండి పోయి, తాను అందరికీ బరువైపోయానన్న ఒక్క తలపే రాత్రింబగళ్లు నమిలివేస్తూ ఉండే స్థితి సహజమైన దిగులు కాదు. అది వేరొక జబ్బు, దానికి చికిత్స కలదు. 2011లో ప్రచురితమైన ఒక సమగ్ర పరిశీలన ప్రకారం కాన్సరు చికిత్స పొందేవారిలో నూటికి 30 నుండి 40 మందికి ఏదో ఒక రూపంలో ఇటువంటి మానసిక రుగ్మత ఉంటుంది. నీరసం, ఆకలి లేమి, నిద్రలేమి అనే లక్షణాలు కాన్సరుకూ ఉన్నవి, మందులకూ ఉన్నవి, మనోవ్యాకులతకూ ఉన్నవి. అందుచేత మూడవది మొదటి రెంటి వెనుక దాగిపోతుంది. న్యూయార్కులో జిమ్మీ హాలండ్ అనే మానసిక వైద్యురాలు 1970ల నుండి ఈ విషయమే పట్టుకొని ఒక వైద్యశాఖను నిర్మించింది. ఆమె సహచరులు తయారుచేసిన సాధనం చాల సులువైనది. కాగితం మీద జ్వరం చూచే కొలబద్ద బొమ్మ. సున్న నుండి పది వరకు గీతలు. "గడచిన వారంలో నీ మనస్సు ఎంత కలత పడినది?" అని అడిగి రోగినే గీత పెట్టమంటారు. నాలుగు, అంతకు పైబడితే కూర్చొని వివరంగా మాట్లాడవలెను. పక్కనే ఒక జాబితా: డబ్బు, ప్రయాణం, పిల్లల పోషణ, భార్యాభర్తల సంబంధం, భయం, దైవవిశ్వాసం. ఈ కాగితానికి యంత్రం అక్కరలేదు. తెలుగులో, ఉర్దూలో అచ్చు వేయించుటకు పెద్ద ఖర్చూ లేదు. అది చేతికిచ్చి, జవాబు వినే తీరిక ఉన్న మనిషి కావలెను.

ఇప్పుడు మన ఇళ్ల సంగతికి వస్తాము. ఇక్కడ అన్నింటికంటె పెద్ద అడ్డంకి దాపరికం. వైద్యుడు కుమారుని పక్కకు పిలిచి చెబుతాడు. కుమారుడు మేనమామకు చెబుతాడు. వారం తిరిగేసరికి ఇరుగుపొరుగుకు కూడ తెలుస్తుంది. తెలియనిది రోగికి ఒక్కతెకే. నిజానికి ఆమెకూ తెలుసును. ఏ ఆసుపత్రిలో కూర్చున్నదో ఆమె చూడలేదా? పక్క మంచం మీద మనిషి జుట్టు రాలిపోవటం చూడలేదా? తనకు తెలుసునని పిల్లలకు తెలిస్తే వారు కుంగిపోతారని ఆమె నటిస్తుంది. ఆమెకు తెలిస్తే కుంగిపోతుందని పిల్లలు నటిస్తారు. ఒకే కప్పు కింద ఒకరినొకరు కాపాడుకుంటూ అందరూ ఒంటరివారవుతారు. ఈ దాపరికంలో ప్రేమ లేదని మేము అనటం లేదు. ప్రేమ ఉన్నది కనుకనే అది ఇంత గట్టిగా నిలిచి ఉన్నది. కాని దాని వలన జరిగే నష్టం చిన్నది కాదు. ఆమె చెప్పదలచిన మాటలు చెప్పదు. ఎవరి బాకీ తీర్చవలెనో, బంగారం ఎవరి వద్ద కుదువలో ఉన్నదో, చిన్న కూతురి చదువు ఎవరు చూడవలెనో ఆ మనస్సులోనే ఉండిపోతుంది. ఆడపిల్లల సంబంధాలు చెడిపోతాయని జబ్బును చుట్టాల నుండి దాచే ఇళ్లు కూడ ఉన్నవి. అక్కడ రోగికి ఏడ్చుటకు సైతం తలుపు మూసుకోవలసి వస్తుంది.

దీనికి విరుగుడు, రోగి ముఖం మీద నిజాన్ని విసరివేయటం కాదు. కొందరు వైద్యులు కాగితం చూస్తూ, తల ఎత్తకుండా ఇన్ని నెలలని లెక్క చెబుతారని విన్నాము. అది నిజాయితీ అనిపించుకోదు. "మీ జబ్బును గురించి మీరు ఏమనుకుంటున్నారు? ఎంతవరకు తెలుసుకోదలచారు?" అని ముందుగా రోగినే అడగటం ఉపశమన వైద్యంలో నేర్పే పద్ధతి. తెలుసుకోగోరినవారికి వారి ఓపిక ననుసరించి, కొద్ది కొద్దిగా చెబుతారు. వద్దన్నవారి మాట మన్నిస్తారు. నిర్ణయం రోగిది. మన ఇళ్లలో ఆ నిర్ణయం రోగి చేతిలో నుండి ప్రేమతో లాగివేయబడుతున్నది.

ఇక భాష. ఉర్దూ, తెలుగు రెండూ బోధించే ఈ కళాశాలలో ఈ సంగతి ప్రత్యేకంగా ఎత్తి చూపక తప్పదు. ఆసుపత్రి కాగితాలు ఇంగ్లీషులో ఉంటాయి. వైద్యుడు తెలుగులోనో, ఇంగ్లీషులోనో మాట్లాడతాడు. పాతనగరంలోని తల్లికి దక్కనీ ఉర్దూ తప్ప మరొకటి రాదు. అప్పుడు మధ్యవర్తి ఎవరు? బి.కాం. రెండవ సంవత్సరం చదివే కుమారుడు. ఒక్కొక్కప్పుడు ఇంటర్మీడియట్ చదివే కుమార్తె. "కాలేయానికి ప్రాకింది, ఇక మందు మార్చి చూద్దాము" అన్న మాట మొదట ఆ పిల్ల చెవిన పడుతుంది. ఆ పిల్ల దానిని ఉర్దూలోనికి మార్చి కన్నతల్లికి చెప్పవలెను. పంతొమ్మిదేళ్ల పిల్ల ఏమి చేస్తుంది? "డాక్టరుగారు బాగానే ఉందన్నారమ్మీ, మందు మారుస్తారట" అంటుంది. వైద్యునికి రోగి అంగీకరించిందని తోస్తుంది. తల్లికి నయమవుతున్నదని తోస్తుంది. ఇద్దరి మధ్య ఆ పిల్ల ఒక్కతే నిజాన్ని మోస్తూ ఇంటికి వచ్చి, మరునాడు మన తరగతిలో చివరి బెంచీలో కూర్చుంటుంది. కుటుంబ సభ్యులను, విశేషించి పిల్లలను, ఇటువంటి సంభాషణలలో దుబాసీలుగా వాడరాదని వైద్యనీతి తెలిసినవారందరూ చెబుతారు. ఆ స్థానంలో శిక్షణ పొందిన మరొక మనిషి కావలెను. రెండు భాషలూ వచ్చిన మనుషులు ఈ నగరంలో ఎక్కడ ఉన్నారని వెదకవలసిన పని లేదు. ఏటేటా మన కళాశాల నుండే వెళుతున్నారు.

పరామర్శ అనేది మన సమాజానికి కొత్త కాదు. రోగిని చూడబోవటాన్ని ఇయాదత్ అని, అది ఒకరిపై ఒకరికి గల హక్కు అని ముస్లిములు భావిస్తారు. తెలుగు పల్లెలలో కూడ జబ్బు మనిషిని చూడబోని చుట్టాన్ని ఊరు క్షమించదు. ఆచారం బ్రతికే ఉన్నది. దానిలోని మర్యాద చెదిరింది. ఎక్కువసేపు కూర్చోవద్దని పెద్దలు చెప్పిన మాట మరచి, పది మంది ఒకేసారి వచ్చి, ఎవరెవరు ఈ జబ్బుతో ఎట్లా పోయారో రోగి వినేటట్లు చెప్పి, టీ తాగి వెళతారు. కొందరు వాట్సాపులో వచ్చిన ఆకుపసరు వైద్యం చెప్పి, ఆసుపత్రి మందు మానుమంటారు. కొందరు ఇది అంటుజబ్బనుకొని కంచం, గ్లాసు వేరు చేయమంటారు. కాన్సరు ఒకే కంచంలో తిన్నందువలన అంటదు. మరికొందరు "సబ్ర్ చేయండి" అని, "ధైర్యంగా పోరాడండి" అని చెప్పి బాధ్యత తీరిందనుకుంటారు. ఓర్పునకు పేరుపొందిన హజ్రత్ అయ్యూబ్ సైతం తన బాధను ప్రభువుకు మొరపెట్టుకున్నాడు. ఓర్పు అంటే నోరు మూసుకోవటమని ఆ వృత్తాంతంలో ఎక్కడా లేదు. పోరాటమన్న మాట కూడ మాకు అంతగా రుచించదు. వ్యాధి పెరిగితే రోగి సరిగా పోరాడలేదని దాని భావమా? ఏడవదలచిన మనిషికి ఏడ్చే చోటు చూపినవాడే మంచి చుట్టమని మా అభిప్రాయం.

మాటకు నిజంగా ఇంత బలం ఉన్నదా అని విజ్ఞానశాస్త్ర విద్యార్థులు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. 1989లో అమెరికాలో డేవిడ్ స్పీగెల్ బృందం, వ్యాధి ప్రాకిన 86 మంది రొమ్ము కాన్సరు రోగులను పరిశీలించి, వారం వారం కలసి కూర్చొని మాట్లాడుకున్న స్త్రీలు మిగిలినవారికంటె దాదాపు రెట్టింపు కాలం జీవించారని ప్రకటించింది. ప్రపంచమంతా సంబరపడింది. 2001లో కెనడాలో 235 మందితో జరిగిన పెద్ద పరిశోధనలో ఆయుష్షు పెరగలేదు. కాని మనోవ్యథ, నొప్పి తగ్గినవి, అందులోనూ మొదట ఎక్కువ కలతతో ఉన్నవారిలో. కనుక మనస్సు దృఢంగా ఉంచుకుంటే కాన్సరు కరిగిపోతుందని చెప్పేవారి మాట నమ్మవద్దని విద్యార్థులకు మనవి. 2010లో బోస్టను నగరంలో 151 మంది ముదిరిన ఊపిరితిత్తుల కాన్సరు రోగులపై జరిగిన పరిశోధన మరింత ముఖ్యమైనది. సగం మందికి కాన్సరు చికిత్సతో పాటు మొదటి నుండే ఉపశమన వైద్యుల సేవ కూడ అందింది. వారిలో మనోవ్యాకులత లక్షణాలున్నవారు నూటికి 16. అది లేనివారిలో 38. మధ్యస్థ ఆయుఃప్రమాణం వారికి 11.6 నెలలు, రెండవ వర్గానికి 8.9 నెలలు. ఆ తరువాతి అధ్యయనాలలో కొన్నింటిలో ఆయుష్షు పెరుగుదల కనబడలేదు. చివరి రోజుల దాకా ఆగక, చికిత్స మొదలైననాడే ఈ సేవ మొదలు కావలెనన్న సూత్రం మాత్రం ఆనాటి నుండి స్థిరపడింది.

సంభాషణలకు కూడ క్రమమైన పద్ధతులు ఏర్పడినవి. టొరంటో నగరంలో గ్యారీ రోడిన్ బృందం మూడు నుండి ఆరు నెలలలో కొద్దిపాటి కూర్చోళ్లతో ఒక పద్ధతి రూపొందించి, 305 మంది రోగులతో పరీక్షించి 2018లో ఫలితాలు వెల్లడించింది. వ్యాకులత తగ్గింది. అందులో మాట్లాడే విషయాలు నాలుగు: జబ్బు లక్షణాలు, వైద్యులతో వ్యవహారం, తనలో, తనవారితో వచ్చిన మార్పులు, జీవితానికి అర్థం, రేపటిని గురించిన ఆశ, మరణభయం. కెనడాకే చెందిన హార్వీ చోచినోవ్ పద్ధతి మాకు, భాష బోధించేవారము కనుక, మరింత హృద్యంగా తోచింది. రోగి తన జీవితకథను, తనవారికి చెప్పదలచిన మాటలను చెబుతాడు. దానిని వ్రాసి, సరిదిద్ది, చదివి వినిపించి, అతని చేతికి ఇస్తారు. అతడు దానిని తనవారికి ఇస్తాడు. 2011లో వెలువడిన పరీక్షలో వ్యథను కొలిచే అంకెలు పెద్దగా మారలేదన్నది నిజం. అయినా అది తమకు మేలు చేసిందనీ, తమ గౌరవం పెరిగిందనీ ఇతర పద్ధతులు పొందినవారికంటె ఎక్కువగా చెప్పినవారు ఈ రోగులే. చదువు రాని ఒక బీడీ కార్మికురాలి మాటలు తెలుగులోనో, ఉర్దూలోనో నాలుగు పుటలుగా ఆమె మనుమల చేతికి అందితే దాని విలువ ఏ కొలబద్దతో చూడవలెను?

ఇవన్నీ ధనిక దేశాల ముచ్చట్లని త్రోసివేయుటకు వీలు లేదు. 1993లో కేరళలోని కాలికట్టులో డాక్టరు ఎం. ఆర్. రాజగోపాల్, డాక్టరు సురేష్ కుమార్ మొదలైనవారు ఉపశమన సేవాసంఘం స్థాపించారు. దానిలో నుండి పల్లెపల్లెకూ వ్యాపించిన ఉద్యమంలో గృహిణులు, కూలీలు, విద్యార్థులు చేరారు. వారానికి రెండు గంటలు ఇవ్వగలవారిని తీసుకొని, 16 గంటల పాఠాలు చెప్పి, కొన్ని రోజులు రోగుల ఇళ్లకు వెంటబెట్టుకొని పోయి పని నేర్పారు. 2008లో కేరళ ప్రభుత్వం దానిని తన విధానంగా ప్రకటించింది. మన నగరంలో 1955 నుండి ఉన్న ప్రభుత్వ కాన్సరు ఆసుపత్రి మెహదీ నవాజ్ జంగ్ గారి పేర వెలసినది. హైదరాబాదు రాజ్యంలో, ఆంధ్రప్రదేశ్‌లో మంత్రిగా పనిచేసి, 1960లో గుజరాత్ రాష్ట్రానికి తొలి గవర్నరు అయిన పెద్దమనిషి. రెడ్‌హిల్స్‌లోని ఆ ఆసుపత్రికి రాష్ట్రంలోని అన్ని జిల్లాల నుండీ, పొరుగు రాష్ట్రాల నుండీ బీదలు వస్తారు. అక్కడ ఉపశమన వైద్యవిభాగం కూడ ఉన్నది. పని చేసే మనుషులు ఉన్నారు. రోగుల సంఖ్యకు వారు చాలరు. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ వలన శస్త్రచికిత్స, మందుల ఖర్చు బీదకుటుంబాలకు చాలవరకు తప్పింది. ఓదార్చే మనిషిని ఏ పథకమూ కొని ఇవ్వలేదు.

కార్యవర్గం వారికి మేము చేయదలచిన విన్నపాలు ఇప్పుడు చెబుతాము. మొదటిది హాజరు. నూటికి 75 హాజరు ఉండవలెనని నియమం. విద్యార్థికి జబ్బు చేస్తే వైద్యుని ధ్రువపత్రం పెట్టి మినహాయింపు కోరవచ్చును. తల్లి వెంట ఆసుపత్రికి పోయే విద్యార్థికి ఆ దారి లేదు. 21 రోజులకొక సూది చొప్పున ఆరు సూదులు. ఒక్కొక్క దానికి రక్తపరీక్షకు ఒక రోజు, మందుకు ఒక రోజు, మరునాడు ఇంటి వద్ద ఒక రోజు. మొత్తం 18 పనిదినాలు. 90 పనిదినాల సెమిస్టరులో మొత్తం 22 రోజులకు మించి పోరాదు. ఇక ఆ పిల్లవానికి తన జ్వరానికి, ఇంట్లో పెళ్లికి, చావుకు అన్నింటికీ కలిపి మిగిలినవి నాలుగు రోజులు. ఆసుపత్రి చీటీ చూపిన విద్యార్థికి, రోగి కన్నవారైనా, తోబుట్టువైనా, విద్యార్థి జబ్బుతో సమానంగా పరిగణించవలెనని కార్యవర్గం తీర్మానించి విశ్వవిద్యాలయానికి వ్రాయవలెను. అంతవరకు మన పరిధిలోని అంతర్గత పరీక్షలనైనా మరల వ్రాసే అవకాశం ఇవ్వవచ్చును. ఆ చీటీని గుమాస్తా బల్ల మీద అందరూ చూచేటట్లు పెట్టక, ఒక అధ్యాపకుని చేతికి ఇచ్చే ఏర్పాటు ఉండవలెను. చీటీలో జబ్బు పేరు ఉంటుంది. ఇంటిలోనే పలకని పేరు అది.

రెండవది జాతీయ సేవా పథకం. 1969లో గాంధీజీ శతజయంతి సంవత్సరంలో మొదలైన ఈ పథకంలో విద్యార్థి ఏడాదికి 120 గంటలు సేవ చేయవలెను. జాతీయ పర్వదినాలలో ఆసుపత్రులకు వెళ్లి బత్తాయిలు పంచి ఫోటోలు తీయించుకోవటం అనేక కళాశాలలలో ఆనవాయితీ. కీమోథెరపీ పొందినవారిలో చాలమందికి నోరంతా పూసి ఉంటుంది. బత్తాయి రసం తగిలితే నిప్పు పడినట్లు మండుతుంది. పంచినవారికి ఆ సంగతి తెలియదు, ఎందుకంటే వారు ఫోటో పూర్తికాగానే వెళ్లిపోయారు. ఆ గంటలలో కొన్నింటినైనా మేము పైన చెప్పిన పనులకు మళ్లించవలెనని కోరుతున్నాము. రెండు భాషలూ చక్కగా వచ్చిన పది పన్నెండు మందిని ఎన్నుకొని, ఉపశమన విభాగంలో పనిచేసే వైద్యులను, నర్సులను ఆహ్వానించి శిక్షణ ఇప్పించవలెను. దుబాసీ పని, జాబులు, జీవితకథలు వ్రాసిపెట్టే పని, మందుల వేళలు పెద్ద అక్షరాలలో తెలుగు, ఉర్దూలలో వ్రాసి ఇచ్చే పని, గొంతు ఆపరేషనుతో మాట పోయినవారికి పలకా బలపమో, కాగితమో అందించి ఎదుట కూర్చునే పని, ఇవి చాలును. వైద్యం చెప్పరాదు. మతం బోధించరాదు, రోగి ప్రార్థించదలచితే ఏ మతమువారైనా వారి ప్రార్థనకు ఏర్పాటు చేయవలెను. ఫోటోలు తీయరాదు. ఆ రోగుల కథలు ఈ సంచికకు పంపరాదు, ఎంత బాగా వ్రాసినా ప్రచురించము. స్త్రీ రోగులకు విద్యార్థినులనే నియమించవలెను. ఇరవై ఏళ్లవారు చావును దగ్గర నుండి చూస్తారు కనుక, పదిహేను రోజులకొకసారి వారందరినీ కూర్చోబెట్టి వారి దిగులు వినే అధ్యాపకుడు ఒకరు తప్పక ఉండవలెను. మనస్సు మరీ కలతపడినవారికి 2022 నుండి ప్రభుత్వం నడుపుతున్న టెలిమానస్ సేవ 14416 సంఖ్యలో తెలుగులో కూడ అందుతుంది. ఆ సంఖ్యను నోటీసు బోర్డు మీద ఉంచవలెను.

శిక్షణకు పెద్ద నిధులు అక్కరలేదు. శనివారం మధ్యాహ్నం పై అంతస్తులోని భాషాశాఖల గది ఖాళీగా ఉంటుంది. తెలుగు శాఖ పక్షాన మేమూ, ఉర్దూ శాఖ పక్షాన ఒకరూ పాఠాల అనువాదానికి సిద్ధంగా ఉన్నాము. కలత కొలబద్ద కాగితానికి రెండు భాషలలో చిత్తుప్రతి తయారుచేసి, ఉపశమన విభాగం వారి సవరణలు తీసుకొన్న తరువాత కార్యవర్గం ముందు ఉంచగలము. కొత్త విద్యాసంవత్సరపు తొలి సమావేశం కార్యక్రమంలో దీనికి స్థానం కల్పిస్తే, ఎన్నిక కాబడిన విద్యార్థుల తలిదండ్రుల అనుమతిపత్రాలు ఆ నెలలోనే తెప్పించవచ్చును.